ఒక్కో మాట 13 సార్లు: ఘనపాఠం నుంచి క్యూఆర్ కోడ్ దాకా

రామచంద్రపురం నుంచి మాట్లాడుతున్నాను. మా బజార్లో ఏ కొట్టుకెళ్ళినా కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాని మీద నూనె మరక పడినా, మధ్యలో కాస్త గీరుకుపోయినా ఫోన్ టక్కున చదివేస్తుంది. ఎలా? సగం జవాబు మాకు దగ్గర్లోనే, గోదావరి అవతల ఉంది.

కోటిపల్లి రేవులో గౌతమి దాటితే కోనసీమ. అక్కడి అగ్రహారాల్లో కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ, తరతరాలుగా నోటితోనే నేర్పుతూ వచ్చారు. పుస్తకం చూసి కాదు, గురువు నోట విని నేర్చుకోవాలి. మరి ఒక పదం జారిపోతే? తారుమారైతే? అందుకే రకరకాల పాఠాలు పెట్టారు. పదపాఠంలో ఒక్కో పదం ఒక్కసారే. క్రమంలో రెండేసి పదాలు కలిపి చెబుతారు కాబట్టి రెండుసార్లు. జటలో ఆరుసార్లు. ఇక ఘన సంగతి చూద్దాం. ఉదాహరణకి "మా ఊరి గోదారి" అనే మూడు మాటలు తీసుకోండి:

మా ఊరి, ఊరి మా, మా ఊరి గోదారి, గోదారి ఊరి మా, మా ఊరి గోదారి.

తర్వాత ఒక మాట ముందుకు జరిగి మళ్ళీ ఇదే వరస. లెక్కేస్తే, వాక్యం మధ్యలో ఉన్న ఒక్కో పదం 13 సార్లు వస్తుంది!

మనవాళ్ళు అప్పుడే కంప్యూటర్ కోడ్ కనిపెట్టేశారని నేను అనను. ఇక్కడ తప్పు దిద్దేది గురువు, లెక్క కాదు. కానీ బేరం మాత్రం ఒకటే: ఎంత భద్రత కావాలంటే అంత అదనపు బరువు మొయ్యాలి.

ఆ బరువు బాగా తగ్గించింది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్. వారాంతంలో ఆయన లెక్కలు పెట్టి వెళ్తే, తప్పు కనబడగానే మెషిన్ ఆ పని వదిలేసేది. తప్పుందని తెలిసినప్పుడు, ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అని విసుక్కున్నాడు. 1950లో ప్రచురించిన ఆయన పద్ధతిలో 4 బిట్లకు 3 అదనపు బిట్లు చాలు. ఆ 7లో ఏ ఒక్కటి తప్పినా సరిచేయొచ్చు. అయితే మరక, గీత లాంటివి బిట్లను గుంపుగా పాడుచేస్తాయి. వాటికి సరిపోయే కోడ్ 1960లో రీడ్, సాలమన్ ఇచ్చారు. సీడీల్లోనూ, 1994లో జపాన్‌లో పుట్టిన క్యూఆర్‌లోనూ ఉన్నది అదే.

క్యూఆర్ తయారుచేసేటప్పుడు నాలుగు లెవెల్స్ ఉంటాయి: ఎల్, ఎం, క్యూ, హెచ్. సుమారుగా 7, 15, 25, 30 శాతం పాడైనా డేటా తిరిగొస్తుంది. అలాగని అన్నిటికీ హెచ్ పెట్టేస్తే గళ్ళు పెరుగుతాయి. చిన్న స్టిక్కర్ మీద అవి మరీ సన్నబడి, స్కాన్ చేయడమే కష్టమవుతుంది. ఫోన్ స్క్రీన్ మీద చూపించేదానికి ఎల్ చాలు. ఎండకీ వానకీ నిలబడాల్సిన బోర్డుకైతే క్యూ, హెచ్.

కానీ ఏ కోడూ కాపాడలేనిది ఒకటుంది. డేవిడ్ నైప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి కోనసీమ వేదపండితుల కుటుంబాలతో మాట్లాడి, 2015లో 'వేదిక్ వాయిసెస్' అనే పుస్తకం తెచ్చారు. అక్కడి అసలు బెంగ ఒక పదం తప్పుతుందని కాదు. పిల్లలు వేరే చదువులకు వెళ్ళిపోతే ఇవి నేర్చుకునేదెవరని. పైగా సంప్రదాయం ఈ చదువును బ్రాహ్మణ మగపిల్లలకే పరిమితం చేసింది. అంటే మొదట్నుంచీ కాపీలు తక్కువే. 13 సార్లు వల్లెవేసే పద్ధతి ఉన్నా, వల్లెవేసే గొంతే లేకపోతే ఏం మిగులుతుంది?

మీ ఫోన్‌కీ ఇదే వర్తిస్తుంది. లోపలి మెమరీలో కోడ్ చిన్నచిన్న తప్పుల్ని దిద్దుతూనే ఉంటుంది. ఫోనే గోదాట్లో పడితే మాత్రం అమ్మమ్మ ఫొటోలను ఏ కోడూ తిరిగి తేలేదు. తప్పుకి మందు కోడ్, పోవడానికి మందు ఇంకో కాపీ. ఈ వీడియో అవ్వగానే ఆ రెండో కాపీ వేరేచోట పెట్టేయండి. ఉంటాను!