జంగు పట్టిన సైకిలు వెనక ఉన్న కథ

ఊళ్ళో మా నాన్న కొన్న సైకిలు ఇరవై ఏండ్లు నడిచింది. అదే రకం స్టీలు ఫ్రేము సైకిలు ఇక్కడ, సముద్రం పక్క క్యాంపులో, రెండు ఎండాకాలాలు గడవకముందే చింతపండు రంగు మచ్చలు వేస్తుంది. చాలామంది అన్నలు "మాల్ నాసిరకం" అని కంపెనీని తిట్టి ఊరుకుంటారు. మాల్ సంగతి కొంత నిజమే. కానీ అసలు సంగతి గాలిలో ఉంది. డ్యూటీకి పోవడానికి, గ్రాసరీ డెలివరీకి సైకిలు మీదే బతికేవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. అందుకే ఈసారి పుస్తకానికి ఈ జంగు గురించి, మనుషులు దాన్ని ఎట్లా తెలుసుకున్నారు, ఎట్లా ఆపారు అన్నది రాస్తున్నాను.

ఆంధ్రా వాళ్ళు తుప్పు అంటారు, మా నిజామాబాద్ వైపు జంగు అంటాం. ఈ జంగు ఫార్సీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. మాట వచ్చిన దిక్కుకే మన ఉక్కు కూడా పోయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవాళ్ళు. 1820ల ప్రాంతంలో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ కొలిముల గురించి రాసిపెట్టాడు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకు ప్రపంచంలో పేరుంది. అయినా అది జంగు పట్టని ఉక్కు కాదు. కత్తికి నూనె రాయకపోతే అదీ ఎర్రబడేదే.

ఎర్రబడకుండా నిలిచిన ఇనుము అంటే అందరూ చెప్పేది ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న స్తంభం. గుప్తుల కాలంది, 1600 ఏండ్ల నాటిది. 7 మీటర్లకు పైగా పొడవు, 6 టన్నులకు పైగా బరువు. దాని మీద ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ బాలసుబ్రమణ్యం చాలా ఏండ్లు పనిచేశారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. అది పైన పలుచని పొర కట్టి లోపలి ఇనుమును కాస్తోంది. ఢిల్లీ పొడి గాలి కూడా దానికి సాయపడింది. భాస్వరం మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జంగు అంటే ఏందో తెలియడానికి చాలా కాలం పట్టింది. ఫ్రాన్సులో లవాజియే 1770లలో లోహాలను కాల్చి తూకం వేసి చూశాడు. కాలిన లోహం బరువు తగ్గలేదు, పెరిగింది. అంటే గాలిలోంచి ఏదో వచ్చి చేరుతోంది. అదే ఆక్సిజన్. జంగు కూడా ఇనుములో గాలి, నీరు చేరి అయిన కొత్త పదార్థమే. అది అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. సైటులో కాంక్రీటు లోపల రాడ్డు జంగు పట్టి పైన కవరింగ్ పగలడం చూసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. సైకిలు పెయింటు బుడగలు లేచి పొక్కులు ఊడేది కూడా అందుకే.

నాకు అన్నిటికంటే నచ్చింది కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ 1920లలో చేసిన ప్రయోగం. శుభ్రమైన ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేశాడు. అందులో రంగు మారే మందు కలిపాడు. కొంతసేపటికి చుక్క నడుమ నీలం, అంచుల్లో గులాబీ రంగు వచ్చింది. అంచున గాలి బాగా అందుతుంది, నడుమ అందదు. కరిగిపోయేది గాలి అందని నడుమ భాగంలోని ఇనుమే. జంగు మాత్రం ఆ రెంటికీ మధ్య ఉంగరంలాగా కడుతుంది. కన్ను చూసే ఎరుపు ఒక చోట, ఇనుము తినుకుపోయేది ఇంకో చోట.

ఇది మన సైకిలుకు అచ్చంగా వర్తిస్తుంది. క్లాంపు కింద, క్యారేజీ బోల్టు కింద, తడి దుమ్ము అంటుకున్న మూలల్లో గాలి అందదు. గుంటలు పడేది అక్కడే. పైగా ఇక్కడి దుమ్ములో ఉప్పుంటుంది. ఉప్పు లేని చోట గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితేనే జంగు ఊపందుకుంటుంది. ఉప్పు ఉంటే అంతకంటే తక్కువ తేమకే మొదలు. రాత్రిపూట ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఫ్రేము మీద కంటికి కనపడని తడి పరుస్తుంది. వాన పడకున్నా జంగు పట్టేది ఇట్లాగే.

ఇప్పుడు సైకిలు సంగతి. ఇవాళ మనం తొక్కే ఆకారం 1885లో ఇంగ్లండు కోవెంట్రీలో స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు నుంచి వచ్చింది. దాదాపు అదే కాలంలో జర్మనీలో మానెస్‌మాన్ అన్నదమ్ములు అతుకు లేని స్టీలు పైపు చేయడం కనిపెట్టారు. తేలిక పైపు అంటే పలుచని పైపు. ఫ్రేము గోడ మందం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఉంటుందంతే. పలుచని పైపుకు జంగు అంటే ప్రాణసంకటం. కాబట్టి నల్ల ఎనామెల్ పూసి పొయ్యిలో కాల్చేవాళ్ళు, హ్యాండిలుకు నికెల్ పూత పెట్టేవాళ్ళు. 1920ల చివర నుంచి నికెల్ మీద క్రోమియం వచ్చింది. మన దేశంలో సోనీపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలై ఆ నల్ల సైకిలునే ఊరూరికీ చేర్చాయి.

ఎనామెల్ కింద ఇంకో పొర ఉంటుంది. 1906లో థామస్ కాస్లెట్ అనే ఇంగ్లీషాయన ఇనుమును వేడి ఫాస్ఫారిక్ ఆమ్లంలో ముంచి బూడిదరంగు పొర కట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో పార్కర్ కంపెనీ 1915 నుంచి దాన్ని పెంచింది. ఢిల్లీ స్తంభంలో ఉన్న భాస్వరమే ఇది, కాకపోతే ఇక్కడ మనిషి తెలిసి పూశాడు. పెయింటు దాని మీద బాగా పట్టుకుంటుంది. ఇవాళ షాపులో "రస్ట్ కన్వర్టర్" అని అమ్మే చాలా సీసాల్లో ఉండేది కూడా ఫాస్ఫారిక్ ఆమ్లమే.

జింకు దారి వేరు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున రాగి రేకుకు జింకు ముక్క తగిలించి, జింకు తాను కరిగి రాగిని కాపాడుతుందని చూపించాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచడానికి పేటెంట్ తీసుకున్నాడు. మన జీఐ రేకులు, జీఐ పైపులు అన్నీ అక్కడి నుంచే. జింకు ప్రైమర్ కొట్టినప్పుడు గీత పడ్డా కొంతకాలం జంగు రాకపోవడానికి కారణం ఇదే.

సిందూరం గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ఇనుప గేట్లకు, బ్రిడ్జిలకు కొట్టే నారింజ రంగు రెడ్ లెడ్ అంటే సీసంతో చేసిన సిందూరమే. 1889లో కట్టిన ఐఫిల్ టవర్‌కు మొదట పూసింది ఇదే. జంగును బాగా ఆపేది, అందులో అనుమానం లేదు. కానీ సీసం విషం. పెయింటర్లకు కడుపునొప్పి, చేతులు పడిపోవడం, రక్తం తగ్గడం దాని వల్లే. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లోపలి గోడలకు తెల్ల సీసం పెయింటు వాడకం మీద ఒప్పందం చేసింది. సిందూరం అందులోకి రాలేదు, ఇంకా చాలా ఏండ్లు నడిచింది. కాబట్టి పాత సైకిలు రంగులో, పాత గేటు రంగులో సీసం ఉండొచ్చు అనుకునే పని చేయాలి. పొడిగా గీకొద్దు. నీళ్ళు పోసి తడి ఎమరీ పేపరుతో రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, రూములో పడకల పక్కన అసలే చేయొద్దు. ఆ బట్టలు మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు.

సైటులో స్టీలుకు బ్లాస్టింగ్ చేసి ఎస్ఏ రెండున్నర వచ్చిందా లేదా చూస్తాం. ఆ కొలత స్వీడన్ వాళ్ళ స్టాండర్డు నుంచి వచ్చింది. సైకిలుకు అంత అక్కర్లేదు గానీ వరస మాత్రం అదే. ముందు మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించాలి. ఇది వదిలేసి పెయింటు కొడితే కిందనే మళ్ళీ తినడం మొదలవుతుంది, డబ్బు దండగ. తర్వాత ఎమరీతో గానీ ఇత్తడి బ్రష్షుతో గానీ ఇనుము మెరిసేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన ఎరుపుకు కన్వర్టర్ సరిపోతుంది. అమ్మ ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, నిమ్మకాయ కూడా పనిచేస్తాయి, ఆ పులుపు ఆమ్లమే కదా. కాకపోతే తర్వాత బాగా కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఆగ్జాలిక్ ఆమ్లం పొడి కూడా దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది, కానీ అది విషం. తాగే నీళ్ళ సీసాలో కలిపి పెట్టే అలవాటు మనోళ్ళలో ఉంది, అది మానాలి. ఆరిన ఫ్రేముకు అదే రోజు ప్రైమర్ పడాలి. ఇక్కడి తేమలో ఒక రాత్రి వదిలితే తెల్లారేసరికి లేత ఎరుపు వచ్చేస్తుంది.

డబ్ల్యూడీ-40 కొడితే చాలు అనేవాళ్ళున్నారు. 1953లో అమెరికాలో శాన్‌డియాగోలో, అట్లాస్ క్షిపణికి జంగు రాకుండా తడిని తోసేయడానికి చేసిన మందు అది. 40వ సారికి కుదిరింది కనుక ఆ పేరు. తడి తోలడానికి, బిగుసుకున్న బోల్టు వదలడానికి మంచిదే. పెయింటు పోయిన ఫ్రేముకు నెలల తరబడి కాపలా కాయదు.

వీటన్నిటికంటే ముఖ్యం, ఫలానా జంగు పైపైదా లోతుదా అన్నది. మా క్యాంపులో ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్ సైకిలు కొన్నాడు. నిగనిగలాడే కొత్త పెయింటు, కింద తినేసిన సీటు పైపు. నడుస్తుండగానే విరిగి చెయ్యి విరిగింది, నెలన్నర జీతం పోయింది. కొనేటప్పుడు సీటు పైపు బయటికి లాగి లోపల చూడండి, ఫ్యాక్టరీ పెయింటు చాలావరకు బయటికే గానీ లోపలికి పోదు. సీటు సందులోంచి దిగిన నీళ్ళు పెడల్ ఇరుసు దగ్గర నిలుస్తాయి. అక్కడ సైకిలు తిరగేసి స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కండి. టక్‌మని లోహపు చప్పుడొస్తే జంగు పైపైదే, రుద్దితే పోతుంది. మెత్తగా దిగినా, పొరలు పొరలుగా లేచినా, అతుకుల దగ్గర వెంట్రుకలాంటి గీత కనపడినా ఆ ఫ్రేము వద్దు. ముందు ఫోర్కు మీద అయితే అసలే వద్దు.

సెలవు మీద ఊరికి పోయేటప్పుడు సైకిలు నీడలో పెట్టండి. సీటు తీసి ఆ సందుకు ప్లాస్టిక్ కవరు కట్టండి, కానీ ఫ్రేము మొత్తం కవరుతో చుట్టొద్దు, లోపల తేమ నిలుస్తుంది. సీటు పైపుకు గ్రీసు, పైపుల లోపలికి కాస్త ఇంజను నూనె పోసి అటూ ఇటూ వంచి తిప్పండి. పెడల్ ఇరుసు కింద చిన్న రంధ్రం ఉంటే పుల్లతో మట్టి తీసేయండి, నీళ్ళు బయటికి పోయే దారి అదే.