వేగానికి సాక్షి



కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1920లో పొల్లాచి–పళని దారిలో ఒకే ఒక బస్సుతో రవాణా మొదలుపెట్టారు. ఊరికి బండి ఎలా చేర్చాలన్నది ఆనాటి సమస్య. బడి ముందు, ఆసుపత్రి ముందు, ఇరుకు వీధిలో ఆ బండిని ఎలా నెమ్మది చేయాలన్నది ఈనాటి సమస్య.

ఈ చింత కొత్తది కాదు. మదురై మాసి వీధులలో చిత్తిరై తిరునాళ్లకు రథం లాగేవారు ఎందరున్నా, చక్రాల కింద చెక్కలు వేసి దాన్ని అదుపు చేసేవారు వేరే ఉంటారు. ఇంగ్లండులో 1865 నాటి చట్టం ఆవిరి బండ్లకు పట్టణాలలో గంటకు రెండు మైళ్లే హద్దు పెట్టింది. బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలన్నది.

హద్దు పెట్టడం తేలికే, అది దాటారని రుజువు చేయడమే కష్టం. వేగంగా వచ్చాడని పోలీసు అంటాడు, లేదని డ్రైవరు అంటాడు. అందుకే మన 1988 మోటారు వాహనాల చట్టం, ఒక్క సాక్షి కంటి అంచనా మీదనే శిక్ష వేయరాదనీ, ఆ అంచనాకు యంత్రపు కొలత తోడుండాలనీ చెప్పింది.

అలాంటి యంత్రం పుట్టిన తీరు విచిత్రం. కారు పందేలలో పేరుపొందిన డచ్చి దేశస్థుడు మౌరిట్స్ గాట్సొనీడెస్, మలుపులలో తన వేగం పెంచుకోవడానికి ఒక కొలత సాధనం చేసుకున్నాడు. 1958లో ఆయన స్థాపించిన సంస్థ ద్వారా అదే పోలీసుల చేతికి వచ్చింది. నేటి కెమెరా వేగాన్ని కొలిచి, బండి నంబరును కూడా ఫొటో తీస్తుంది.

మన దేశంలో 2019 చట్ట సవరణ ఈ పద్ధతికి చోటిచ్చింది. 2021 ఆగస్టు నిబంధనలు రెండు షరతులు పెట్టాయి: యంత్రానికి ధ్రువపత్రం ఉండాలి, కెమెరా ఉన్నదని ముందే హెచ్చరిక బోర్డు కనిపించాలి. చెప్పి పట్టుకుంటే అది న్యాయం, చెప్పకుండా పట్టుకుంటే ఉచ్చు.

ఇంట తెలుగు, వీధిన తమిళం, సరిహద్దు దాటితే మలయాళం మాట్లాడే మనకు ఎర్ర వలయంలోని అంకె చదవడానికి ఏ భాషా అడ్డు కాదు. నలభై నుంచి అరవైకి వేగం పెంచితే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెండింతలు దాటుతుంది. ఆ అదనపు దూరంలోనే బడిపిల్ల రోడ్డు దాటుతూ ఉండవచ్చు. జరిమానా నోటీసు తర్వాత వస్తుంది. బోర్డు మీది అంకె ముందే కనిపిస్తుంది.