అమ్మమ్మ దాచిన చరిత్ర

స్వదేశమునందలి బంధుమిత్రులు ఆస్ట్రేలియాను గూర్చి నాకు జాబులు వ్రాయునపుడు ఉద్యోగములు, జీతములు, ఇండ్ల ధరలు విచారింతురే గాని, ఇచ్చట పుట్టి పెరుగు మన పిల్లలు ఏ చరిత్రకు వారసులగుచున్నారో అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు నాకు తృప్తి కలిగించిన సమాధానము ఒక నవలలో లభించినది. సిడ్నీలో జన్మించిన ఇటాలియన్ సంతతి రచయిత్రి మెలీనా మార్చెట్టా 1992లో ప్రకటించిన ‘లుకింగ్ ఫర్ అలిబ్రాండీ’ ఆ నవల. దాని లోతు తెలియవలెనన్న, ఈ దేశము తన వాకిలి ఎవరికి మూసి ఎవరికి తెఱచినదో ముందుగా తెలియవలెను.

1901లో ఆఱు వలసరాజ్యములు ఏకమై సమాఖ్యగా ఏర్పడిన యేటనే, శ్వేతజాతీయులు కానివారిని దూరముంచుటకై వలస నిరోధక చట్టమొకటి పుట్టినది. చట్టమున జాతి ప్రసక్తి బాహాటముగ లేదు. ఓడ దిగినవానికి అధికారి తనకు తోచిన ఐరోపా భాషలో 50 పదములు చదివి వినిపించును, అతడు వానిని తప్పులేక వ్రాయవలెను, వ్రాయలేనిచో మరలిపోవలెను. 1934లో ఫాసిజమును నిరసించు రచయిత ఎగోన్ కిష్ రాగా, అతడు పెక్కు భాష లెఱిగినవాడగుటచే స్కాటిష్ గేలిక్ భాషలో పరీక్ష పెట్టిరి. అది చెల్లదని ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినను, ఆ పరీక్షా పద్ధతి మాత్రము 1958 వఱకు కొనసాగెను.

రెండవ ప్రపంచ సంగ్రామమున ఇటాలియన్లు అనేకులు శత్రుదేశీయులన్న పేర నిర్బంధ శిబిరముల పాలైరి. యుద్ధము ముగిసిన పిమ్మట, జనబలము లేనిదే దేశరక్షణ లేదని తలచిన వలసమంత్రి ఆర్థర్ కాల్వెల్ ఐరోపావారిని విరివిగా రప్పించు విధానమును ప్రారంభించెను. తరువాతి ప్రభుత్వము 1951లో ఇటలీతోను ఒడంబడిక చేసికొనెను. మన వంటివారికి తలుపు తెఱచుట 1966లో ఆరంభమై, 1973లో విట్లమ్ ప్రభుత్వము చేత పూర్తియైనది.

నవలా నాయిక జోసెఫీన్ అలిబ్రాండీ 17 ఏండ్ల బాలిక. సంపన్నుల పిల్లలు చదువు కాథలిక్ పాఠశాలలో ఆమె విద్యార్థివేతనముతో చదువుచున్నది. అచ్చట ఆమె పరాయి దేశపు పిల్ల. తనవారి నడుమ పెండ్లికాని తల్లి కన్న బిడ్డ. ఏటేట కుటుంబమంతయు పెరటిలో చేరి, బుట్టల కొలది టమాటాలు తఱిగి, మరగించి, సాసు చేసి నిలువ యుంచు దినమున, తోడి విద్యార్థులకు ఈ సంగతి తెలిసిన తన గతి యేమని ఆమె కుమిలిపోవును. మన యిండ్ల వేసవిలో ఆవకాయ పెట్టు సంరంభము వంటిదే యది. అయినను ఆ యాచారమును తానును విడిచిపెట్టజాలనని ఆమెకు క్రమముగా తోచును.

నవలకు ప్రాణము అమ్మమ్మ కాటియా. కుమార్తె క్రిస్టీనా అవివాహితగా గర్భవతి కాగా తండ్రి ఇల్లు వెడలగొట్టెను. మనుమరాలికి పరువు మర్యాదలను నిత్యము బోధించు ఈ వృద్ధురాలు, ఆ క్రిస్టీనా తన భర్తకు పుట్టినది కాదనియు, భాష తెలియని తనను ఆదరించిన ఒక ఆస్ట్రేలియనుకు పుట్టినదనియు జీవితమంతయు దాచినది. నిజమెఱిగిన జోసెఫీన్, తన తల్లి యనుభవించిన దుఃఖమును తలచి మండిపడును. కోపము చల్లారిన పిమ్మట, పరదేశపు ఏకాంతములో వయసు గడిపిన ఒక యువతి ఆమెకు అమ్మమ్మయందు గోచరించును. లోకులు తన్నేమని పిలుతురన్న చింత నాటినుండి ఆ బాలికను బాధింపదు.

శాసనములు ప్రవేశమును మాత్రమే అనుగ్రహింపగలవు. ఈ నేల నాదియను ధైర్యము బిడ్డకు ఇంటి పెద్దల సత్యవచనము వలననే కలుగును. సిడ్నీ తెలుగువారము పిల్లలకు పద్యములు, నృత్యములు శ్రద్ధతో నేర్పించుచున్నాము గాని, వచ్చిన క్రొత్తలో పడిన అవమానములను, ఒంటరితనమును వారి చెవిని పడనీయకున్నాము. పఠితలారా! సెలవులకు మనుమలు మీ యింటికి వచ్చినపుడు వారి తెలుగు పలుకుబడిని పరీక్షించుటతో తృప్తిపడక, మీ కుటుంబము ఎచ్చటినుండి ఎచ్చటికి ఏల కదలినదో, ఎవ్వరేమి కోల్పోయిరో, దాపరికము లేక చెప్పుడు.