లిన్నేయస్ వంశనామము

లిన్నేయస్ అను నామము 'లిన్నే' అను స్వీడిషు పేరునకు లాటిన్ రూపమని కొందరు తలంతురు. ఇది తలక్రిందైన ఊహ. లాటిన్ రూపమే మొదటిది. లిన్నే అనునది తరువాత పుట్టినది. ఈ క్రమము నెఱిగిననే గాని ఆ పేరిట దాగిన చరిత్ర బోధపడదు.

పదునేడవ శతాబ్దమున స్వీడను పల్లెలలోని రైతులకు సామాన్యముగా మన ఇంటిపేరు వంటిది లేదు. తండ్రి పేరునకు కుమారుని విషయమున 'సన్' అనియు, కుమార్తె విషయమున 'డొట్టర్' అనియు చేర్చుటయే ఆచారము. తరము మారిన పేరును మారును. ఇంగెమార్ బెంగ్ట్‌సన్ అను రైతు కుమారుడు నిల్స్ ఇంగెమార్‌సన్. ఈ నిల్స్ లుండ్ విశ్వవిద్యాలయమున చదువబోవునపుడు స్థిరమైన వంశనామ మొకటి కావలసివచ్చెను. స్మోలండ్ సీమలో తనవారి భూమియందున్న మహావృక్షమును తలచుకొని అతడు లిన్నేయస్ అని పేరు పెట్టుకొనెను. ఆ వృక్షము స్వీడిషున 'లిండ్', ఆ సీమ మాండలికమున 'లిన్'. ఆంగ్లమున దీనిని 'లైమ్' అనుటచే నిమ్మయని భ్రమపడుటకు వీలున్నది. నిమ్మకును దీనికిని సంబంధము లేదు.

ఆ వృక్షమునుండియే అతని బంధువులును పేర్లు గైకొనిరి. ఒక శాఖవారు లిండేలియస్ అనిరి. అతని మేనమామలు టిలియాండర్ అనిరి: లాటినున ఆ చెట్టునకు పేరైన 'టీలియా'కు పురుషుడను అర్థము గల గ్రీకు పదాంశమును చేర్చిరి. ఒక్క చెట్టు, మూడు వంశనామములు! కావున పేరు వేరైనంతమాత్రమున కుటుంబము వేరని పరిశోధకుడు నిర్ణయింపరాదు. మఱియు నిట్టి నామములు తెలుపునది వంశక్రమమును కాదు, రైతుబిడ్డ చదువు మూలమున మతాచార్యవర్గమున అడుగిడిన వృత్తాంతమును. నిల్స్ కడకు స్టెన్‌బ్రోహుల్ట్ గ్రామమున మతగురు వయ్యెను. మఱ్ఱి, రావి, మామిడి అను ఇంటిపేర్లు గల మనకు వృక్షనామము వింత గాదు. దానికి తొడిగిన లాటిన్ తొడుగే వింత.

1707లో జన్మించిన నిల్స్ కుమారుడే సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్. 1761లో రాజు ప్రభుపదవి నొసగగా ఆ లాటిన్ ప్రత్యయము తొలగి, కులీనతాసూచకమైన జర్మను 'ఫాన్' ముందు చేరి, 'ఫాన్ లిన్నే' ఏర్పడినది. 1753లో ప్రకటించిన గ్రంథమున కార్ల్ తన యింటి చెట్టు జాతికి 'టీలియా యూరోపియా' అని నామకరణము చేసెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఆ నామము చివర నామకర్తను సూచించుచు 'ఎల్' అను ఒక్క అక్షరము వ్రాయుదురు. అది లిన్నేయస్ పేరులోని తొలి యక్షరము.