బుఖారా తివాచీ – తుర్క్‌మెన్ ముడి

ఏలూరు తివాచీకి ఆ పేరు అది తయారైన ఊరినిబట్టి వచ్చినది. బుఖారా తివాచీ సంగతి వేరు. పాశ్చాత్య వర్తకులు ఈ పేరుతో కొనుక్కుపోయిన ఎర్రని ఉన్ని తివాచీలలో అధికభాగం బుఖారాలో నేసినవి కావు. ఆ నగరపు బజారులో అమ్ముడైనవి మాత్రమే. వాటిని నేసినవారు కారాకుమ్ ఎడారి పరిసరాలలో గొర్రెల మందలతో, గుడారాలలో జీవించిన తుర్క్‌మెన్ తెగల స్త్రీలు. అమ్మిన బజారు పేరు నిలిచినది. నేసినవారి పేరు మరుగున పడినది.

అయితే ఆ పేరును తివాచీయే దాచి ఉంచినది. తెకె, సాలోర్, సారిక్, యొముత్, ఎర్సారి మొదలైన తెగలకు వేర్వేరు 'గుల్' చిహ్నాలు కలవు. ఎక్కువగా ఎనిమిది మూలలుగల ఈ చిహ్నం వరుసలు వరుసలుగా తివాచీ అంతటా కనిపిస్తుంది. ఓడిన తెగ తన గుల్‌ను పెద్ద తివాచీలపై నేసే హక్కును కోల్పోయేదని రష్యన్ పరిశోధకురాలు మోష్కోవా అభిప్రాయం. దీనిని పండితులందరూ అంగీకరించలేదు.

వలసజీవులకు తగినట్లే వారి మగ్గం నేలబారుగా ఉండేది. విప్పి ఒంటెపై వేసుకొని పోవచ్చును. ఉన్నిని కదురుపై వడికి, మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళతో ఎర్రరంగు అద్దేవారు. రెండేసి పడుగుపోగులకు ఒక ముడి వేసి, కొస కోసి, వరుస పూర్తి కాగానే పేక దూర్చి, బరువైన దువ్వెనతో బిగగొట్టేవారు. గుడారపు వాకిలికి 'ఎన్సి', సామాను సంచికి 'చువాల్', పెండ్లికూతురి ఒంటెకు 'అస్మాలిక్', నమాజుకు 'నమాజ్లిక్' – ఇంటి అవసరాలన్నీ ఈ ముడితోనే తీరేవి.

1881లో గియోక్ తెపె కోట రష్యన్ సేనల వశమైనది. 1888 నాటికి రైలుమార్గం సమర్‌ఖందు చేరినది. ఇంటికొరకు నేసినది సంతకొరకు నేయవలసి వచ్చినది. త్వరగా వెలిసిపోయే కృత్రిమ రంగులు ప్రవేశించినవి. సోవియట్ పాలనలో నేతపని సహకార సంఘాలకు, కర్మాగారాలకు మారగా, అనేక కుటుంబాలు ఆఫ్ఘనిస్తానుకు తరలిపోయి అక్కడ ఈ విద్యను నిలబెట్టుకొన్నవి.

1991లో తుర్క్‌మెనిస్తాన్ స్వతంత్రమైనది. 1992నాటి జాతీయపతాకంపై ఐదు గుల్‌లు చోటుచేసుకొన్నవి. 2019లో యునెస్కో ఈ కళను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది. ఈ విధంగా తెగకు, దేశానికి గుర్తింపు లభించినది. కాని మ్యూజియములలోని పాత తివాచీలలో చాలావాటి క్రింద తెగ పేరు, కాలము మాత్రమే కనిపిస్తాయి. నెలల తరబడి ఒంగి కూర్చుండి ఆ ముడులు వేసిన స్త్రీ ఎవరో చెప్పగలవారు లేరు.