పిత్తాశయంలోని రాయి పేగుకు అడ్డం పడితే.. వచ్చి తగ్గే కడుపునొప్పిని గ్యాస్ అనుకోవద్దు!

కడుపు ఉబ్బరం, వాంతులు, మెలిపెట్టే నొప్పి.. ఒకరోజు తగ్గినట్టే ఉండి మర్నాడు మళ్లీ మొదలు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా ఉంటే చాలామంది గ్యాస్ మాత్రతో సరిపెట్టేస్తారు. కానీ అరుదుగా దీని వెనుక పేగుకు అడ్డం పడిన రాయి ఉంటుంది. డాక్టర్లు దీన్ని ‘గాల్‌స్టోన్ ఇలియస్’ అంటారు. డెన్మార్క్ వైద్యుడు థామస్ బార్తోలిన్ 1654లోనే దీని గురించి రాశారు.

రాయి పేగులోకి ఎలా వస్తుంది?

ఇది కిడ్నీ రాయి కాదు. కాలేయం కింద ఉండే పిత్తాశయంలో, అంటే గాల్ బ్లాడర్‌లో ఏర్పడే రాయి. అక్కడ పెద్ద రాయి ఉండి పదేపదే వాపు వస్తే, పిత్తాశయం పక్కనున్న చిన్నపేగుకు అతుక్కుపోతుంది. గోడలు దెబ్బతిని రంధ్రం పడితే రాయి పేగులోకి జారుతుంది. చిన్నవైతే మలంతో పాటు పోతాయి. సాధారణంగా 2 నుంచి 2.5 సెంటీమీటర్లు దాటినవే ఇరుక్కుంటాయి. అదీ ఎక్కువగా చిన్నపేగు చివర్లో.. ఎందుకంటే అక్కడ పేగు సన్నగా ఉంటుంది.

నొప్పి ఎందుకు వచ్చిపోతుంది?

రాయి ఒకచోట ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, ఇంకోచోట ఆగుతుంది. కదిలినప్పుడు నొప్పి తగ్గుతుంది. ‘తగ్గిపోయిందిలే’ అనుకుని ఆస్పత్రికి వెళ్లరు. అసలు ప్రమాదం ఇక్కడే! ఈ సమస్య ఎక్కువగా 60 ఏళ్లు దాటిన మహిళల్లో కనిపిస్తుంది. ఆ వయసులో షుగర్, గుండె జబ్బు కూడా ఉంటే ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎలా కనిపెడతారు?

పేగు అడ్డంకికి మామూలు కారణాలు పాత ఆపరేషన్ల తర్వాత వచ్చే అతుకులు, హెర్నియా, గడ్డలు. అవేవీ కనిపించకపోతే రాయిని అనుమానించాలి. ఉబ్బిన పేగు, పిత్తనాళాల్లో గాలి, ఉండకూడని చోట రాయి.. ఈ మూడు గుర్తులను అమెరికా రేడియాలజిస్ట్ లియో రిగ్లర్ 1941లో వివరించారు. మామూలు ఎక్స్‌రేలో చాలా రాళ్లు కనిపించవు. అందుకే సీటీ స్కాన్ కీలకం.

సర్జరీలో ఏం చేస్తారు?

ముందు సెలైన్ ఎక్కించి, ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీస్తారు. ఆపరేషన్‌లో రాయిని కాస్త వెనక్కి జరిపి, పేగు ఆరోగ్యంగా ఉన్నచోట కోసి బయటికి తీస్తారు. తర్వాత పేగు సన్నబడకుండా అడ్డంగా కుట్లు వేస్తారు. ఇంకో రాయి ఉందేమోనని పేగంతా తడిమి చూస్తారు. పిత్తాశయాన్ని, రంధ్రాన్ని అప్పుడే సరిచేయాలా అన్నది పేషెంట్ పరిస్థితిని బట్టి ఉంటుంది. బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు ముందు రాయి మాత్రమే తీసి, మిగతాది తర్వాత ఆలోచిస్తారు.

ఎప్పుడు పరుగెత్తాలి?

వాంతులు ఆగకపోయినా, కడుపు ఉబ్బి మలం, గ్యాస్ పోకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. గతంలో స్కానింగ్‌లో గాల్ బ్లాడర్ రాళ్లు ఉన్నాయని చెప్పి ఉంటే, ఆ పాత రిపోర్టు డాక్టర్‌కు తప్పక చూపించాలి. అసలు కారణం తెలియడానికి అదే దారి చూపొచ్చు.