గస్తీ

నల్లకుంటలో గస్తీ అంటే రాత్రిపూట తిరిగే పోలీసు బండి. నిజాం కాలపు హైదరాబాదులో అది కాగితం. పారసీకంలో గష్తన్ అంటే తిరగడం. ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి తిరిగే ఉత్తర్వును దఫ్తరు ఉర్దూలో గష్తీ అన్నారు. ఇంగ్లీషు సర్క్యులర్ కూడా చుట్టూ తిరిగేదే. మనవాళ్ల నోట్లో పడి ‘ష’ కాస్తా ‘స’ అయింది.

ఆ గస్తీల్లో తెలంగాణ మరిచిపోనిది ఒక్కటే: గస్తీ నిషాన్ తిర్పన్. దఫ్తరు భాషలో నిషాన్ అంటే సంఖ్య, తిర్పన్ అంటే 53. సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలన్నది దాని సారం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ కూడా ఆ నీడలోనే జరిగింది. జనం దాన్ని ఉర్దూ అంకెతోనే గుర్తుపెట్టుకున్నారు. యాభై మూడు అంటే ఆ కరకుదనం రాదు మరి.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ప్రజల పాలన మాత్రం మర్నాడే రాలేదు. ముందు జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన, 1950లో ఐసీఎస్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రిత్వం, ఓట్లు 1952లో. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ 1949 నవంబరులో ఫర్మానా ఇచ్చింది నిజామే. 1956 దాకా రాజప్రముఖ్‌గా కూర్చున్నదీ ఆయనే. ప్రజాస్వామ్యం మనకు ఫర్మానా మీద వచ్చిందంటే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. పోరాడినవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడితే, నల్లగొండ జనం రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు వేశారు. ఓటు వేయడం జనానికి ఒక్క ఎన్నికతో వచ్చేసింది. సభను ఓర్చుకోవడమే సర్కారుకు రాలేదు. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వానికి ఆరు నెలలు నిండాయో లేదో, 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర, ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న ముల్కీ ఆందోళనకారుల మీద తుపాకులు పేలాయి.

దొర పోయినా దఫ్తరు పోదు. నగరంలో సభలకు, ఊరేగింపులకు ఆంక్షలు పెట్టేటప్పుడు పోలీసు కమిషనర్లు ఇప్పటికీ చూపే చట్టం పేరు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. ఫస్లీకి 590 కలపండి, 1938 వస్తుంది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టిన సంవత్సరం అదే. వాళ్లలో చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు సాగించారు. చట్టం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఈజిప్టులో ముబారక్ 2011లో దిగిపోతే, 2013లో నిరసనల మీద కొత్త చట్టం వచ్చిపడింది. మయన్మార్‌లో 2011లో సైనికాధికారులు యూనిఫాం విప్పి పాలకులయ్యాక అదే ఏడాది శాంతియుత సభల చట్టం చేశారు. శాంతిగా గుమికూడటానికీ అనుమతి తెచ్చుకోమంది అది.

2025 మార్చి 13న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ జారీ చేసింది. విభాగాలు, కాలేజీలు, పరిపాలనా భవనం ఆవరణల్లో ధర్నాలు, నినాదాలు కూడదని దాని ఆదేశం. క్యాంపస్ మొత్తానికి వర్తించదని, చదువుకూ పనికీ అడ్డు రాకూడదనే ఆ పని చేశామని తర్వాత వివరణ ఇచ్చారు. పాఠం సాగాలన్నది న్యాయమే, కాదనను. అయితే 1969, 2009 తెలంగాణ ఉద్యమాలను చూసిన ఆవరణ అది. ఇటు విద్యానగర్ నుంచి అటు తార్నాక దాకా ఏ ముసలాయన్ని అడిగినా ఆ రోజుల సంగతులు చెబుతాడు. అక్కడ సర్క్యులర్ అన్న మాటను పాత దఫ్తరు భాషలోకి మారిస్తే ఏమవుతుందో పైనే చెప్పుకున్నాం.

రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే హక్కు ఇచ్చింది. సభ పెట్టేవాడు పోలీసులకు చెప్పాలి, ట్రాఫిక్ మళ్లించుకుంటారు. అడుక్కోవలసిన పని ఉండకూడదు. ఈసారి మీ ఎమ్మెల్యే ఎదురుపడితే ఆ 1348 ఫస్లీ చట్టాన్ని అసెంబ్లీ ముందు పెట్టమని అడగండి. సభల విషయంలో ‘అనుమతి’ కొట్టేసి ‘సమాచారం’ అని రాయమనండి.